గుమ్మం పక్కన హమ్రోకుల్

మా హమ్రోకుల్ ఆకా, అంటే హమ్రోకుల్ అన్నయ్య, ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. చెప్పుల పక్కన. ఎవరు పిలిచినా, ఎంత బతిమాలినా, రెక్క పట్టుకు లాగినా అక్కణ్ణుంచి జరగడు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది, కాదనను. కానీ ఇది మా కోకండ్‌లో ఉండకూడని పిచ్చి.

ఎందుకంటే మా ఊళ్ళో గదికి తలా కాళ్ళూ ఉంటాయి. గుమ్మానికి ఎదురుగా, లోపలి గోడకి ఆనుకుని ఉండేది తోర్. పెద్దపీట అన్నమాట. తెల్లగడ్డాలు, వియ్యంకులు, మక్కా వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ. వయసు తగ్గేకొద్దీ ఒక్కొక్కరూ కిందకి జరుగుతూ వచ్చి, చిట్టచివర గుమ్మం దగ్గర టీకూజా పట్టుకుని ఇంటి కోడలు. నలభై అయిదేళ్ళ మేస్త్రీ వచ్చి ఆ కోడలి చోటులో చతికిలబడితే ఇంటాయన పరువేం కావాలి? "వీళ్ళు చుట్టాన్ని చెప్పుల్లో కూర్చోబెట్టార్ట" అని మర్నాటికి బజారంతా పాకుతుంది.

నసీర్జాన్ హాజీగారింట్లో మనవడి వేడుకకి నేనూ ఉన్నాను.

"పైకి రండి హమ్రోకుల్, పైకి."

"ఇక్కడ బావుంది హాజీ ఆకా."

"ఏం బావుంది? చలిగాలి కొడుతోంది!"

"అదే చూస్తున్నా. ఎక్కణ్ణుంచి కొడుతోందో."

హాజీగారి కొడుకులిద్దరూ చెరో చంక కిందా చెయ్యేసి లేపారు. మోసుకెళ్ళి తోర్‌లో కూలేశారు. అందరూ బిస్మిల్లా అని పలావులో చెయ్యి పెట్టి తలెత్తేసరికి ఆయన మళ్ళీ గుమ్మం దగ్గర. ఆయన నడిచి వెళ్ళడం ఎవరూ చూడలేదు, ఒట్టు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారిపోతాడు, తడి చేతిలో సబ్బుబిళ్ళలా. మూడుసార్లు మోశారు. మూడుసార్లు జారాడు. నాలుగోసారి పెద్దకొడుక్కి నడుం పట్టేసింది.

"నిన్నింక జన్మలో పిలవను" అన్నాడు హాజీ.

"గోడలకి పూత వెయ్యాల్సొస్తే?"

"అప్పుడు పిలుస్తాను. పనికి."

"పనికి పిలిచినా తిండి పెట్టాలిగా. గుమ్మం దగ్గరే తింటాను మరి."

గోడలకి పూత వెయ్యడం ఆయన పని. ఆర్కిటెక్ట్ కావడం ఆయన కోరిక. పదహారో ఏట తండ్రి పోతే తాపీ పట్టాడు. తాపీ పట్టినవాడు తాపీ దగ్గరే ఆగాలిగా! కాలేజీ ప్రవేశ పరీక్ష అయిదుసార్లు తప్పాడు. ఆరోసారి, ముప్ఫై నాలుగో ఏట, దూరవిద్యలో సీటొచ్చింది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి నెలేసి రోజులు క్లాసులో కూర్చోవాలి, మిగతా కాలమంతా గోడలు. అయిదేళ్ళ చదువు. ఆయన పదకొండేళ్ళుగా చదువుతున్నాడు.

నేనూ ఆ కాలేజీలోనే ఏడాదిన్నర వెలగబెట్టి మానేశాను. కారణం అడగొద్దు, విసుగేసింది. ఇప్పుడు డామాస్ వ్యాన్ తోలుతాను. అందులో ఆయన సిమెంటు బస్తాలు, ఆయన డ్రాయింగ్ బల్ల, ఆయన. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా సరే, వెనక జారుడు తలుపు పక్కనే కూర్చుంటాడు.

పని చేస్తూ చదవడమంటే ఎలా ఉంటుందో చెబుతాను వినండి. పూత వెయ్యాల్సిన గోడకి నోట్సు కాగితాలు అంటించుకుంటాడు. ఒక చివర్నుంచి పూత వేస్తూ, రెండో చివర ఉన్న కాగితాలు పైకి చదువుతూ వెళ్తాడు. చదువులో పడితే ఆయనకి ఒళ్ళు తెలీదు. చెయ్యి మాత్రం దానిపాటికది పని చేసుకుపోతుంది. అలా మూడో ఏడాది దూలాల లెక్కలు మొత్తం ఒక పళ్ళడాక్టరుగారి గోడలో కలిసిపోయాయి. పరీక్షలో అడిగితే, "జవాబుంది దొమ్లా, రెండు పూతల కింద ఉంది" అన్నాట్ట. మా దగ్గర చదువు చెప్పేవాళ్ళని దొమ్లా అంటాం. ఆ దొమ్లా సున్నా వేశాడు.

క్లాసులోనూ అంతే, తలుపు పక్క బల్ల. కొత్త దొమ్లా ఒకాయన వచ్చి, ఈయన్ని తాళం బాగుచెయ్యడానికొచ్చిన మనిషి అనుకున్నాడు. రోజూ లోపలికొస్తూ, "ఇంకా అవలేదా?" అనేవాడు. నాలుగో రోజుకి ఈయన తాళం బాగుచేసేశాడు. అయిదో రోజు కూడా అక్కడే కూర్చుంటే, "ఇంకా ఎందుకయ్యా ఉన్నావు?" అని కసిరాడు. హాజరుపట్టీలో నెలంతా రాలేదనే ఉంది.

"మొదటిరోజే విద్యార్థినని చెప్పొచ్చుగా ఆకా!"

"తాళం నిజంగానే పాడైందిరా."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

సరే, ఏడ్చుకుంటూనో నవ్వుకుంటూనో అన్ని పరీక్షలూ గట్టెక్కాడు. మిగిలింది ఒక్కటే. సొంతంగా ఒక కట్టడం గీసి, అయిదుగురు దొమ్లాల ముందు నిలబడి, ఇదిలా ఎందుకు గీశానంటే అని ఒప్పించాలి. మూడే అవకాశాలు. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, పదకొండేళ్ళూ గాలికి.

రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఒకటే ఇల్లు. ముహిద్దీన్ దొమ్లా అని డెబ్భై ఏళ్ళాయన ఆ అయిదుగురికీ పెద్ద. మొదటిసారి ఆ పటం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాట్ట.

"ఈ గదిలో తోర్ ఏదయ్యా?"

"ఎక్కడ కూర్చుంటే అదే దొమ్లా."

"పొయ్యి వేడంతా గొట్టం పెట్టి గుమ్మం దగ్గరికి తెచ్చావు. దేనికి? చెప్పులకి చలేస్తుందనా?"

అయిదుగురూ నవ్వారు. ఈయన ఆరునెలలు ఆలోచించి, రెండోసారి ఒక్క మార్పుతో వెళ్ళాడు. గొట్టం ఇంకొంచెం లావు చేశాడు.

మూడోసారి ఫిబ్రవరిలో. పొద్దున్నే ఆయన్ని ఎక్కించుకోవడానికి వెళ్తే, భార్య ఓయింఖాన్ ఓపా, మాకు అక్కలాంటిది, ఆయనకి టై కడుతోంది. ఉరి వేస్తున్నట్టే ఉంది.

"ఈ ఒక్క పూట గుమ్మం దగ్గర కూర్చున్నారో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దు" అంది.

"సరే."

"సరే అంటే కూర్చోననా, తొక్కననా?"

ఆయన వ్యాన్ ఎక్కేశాడు. తలుపు పక్కన.

దారంతా నేను వాగుతూనే ఉన్నాను. "ఆకా, ఒక బస్టాండ్ గీసుంటే పోయేదిగా? బస్టాండ్‌లో తోరూ ఉండదు, గొడవా ఉండదు."

"నాకు బస్టాండ్ కట్టాలని లేదు."

"కట్టమన్నదెవరు? గియ్యమన్నాను. ఉన్నమాట చెప్పనా? గుమ్మం దగ్గర కూర్చుని కూర్చుని మీ బతుకే గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి వెళ్ళాలంటే లోపలివాళ్ళకి నచ్చింది గియ్యాలి."

ఆయనకి కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"హీటర్ వెయ్యరా" అన్నాడు. "వెనక చలిగా ఉంది."

పటాలు మోసే వంకతో నేనూ గదిలోకి దూరాను. లోపలి గోడకి ఆనుకుని పొడుగాటి బల్ల, బల్ల వెనక అయిదుగురు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఎర్రగా కాలుతున్న హీటర్. తలుపు పక్కన చిన్నబల్ల. దాని ముందు ముఖర్రం అనే గుమాస్తా అమ్మాయి. ఒంటిమీద కోటు, మెడకి రెండు శాలువలు, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులు. వాళ్ళు అన్నది రాసుకుంటూ, మధ్యమధ్య లేచి వాళ్ళ గిన్నెల్లో మర్యాదగా సగం సగమే టీ పోస్తోంది.

మా ఆకా పటాలు తగిలించాడు. తిన్నగా వెనక్కి వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాడు. నేను తల పట్టుకున్నాను.

"మళ్ళీ అదే ఇల్లా?" అన్నాడు ముహిద్దీన్ దొమ్లా.

"అదే దొమ్లా."

"నిన్ను దాటించాలని నాకూ ఉందయ్యా. కానీ ఈ గుమ్మం దగ్గర ఎవరుంటారని ఇంత తాపత్రయం?"

"ఒక్కసారి ఇక్కడికొచ్చి కూర్చోండి, చెబుతాను."

డెబ్భై ఏళ్ళ పెద్దాయన్ని తోర్‌లోంచి లేచి తలుపు దగ్గరికి రమ్మంటున్నాడు! అయిపోయింది, పదకొండేళ్ళూ ఇవాళ్టితో సరి అనుకున్నాను. కానీ ముసలాయనది మొండిరక్తం. కుర్చీ చేత్తో పట్టుకుని వచ్చి ఈయన పక్కనే వేసుకున్నాడు.

అక్కడ మొదలైంది అసలు తమాషా. పెద్దాయన గుమ్మం దగ్గర కూర్చుంటే మిగతావాళ్ళు ఆయనకంటే పైన కూర్చోవచ్చా? ఆ నలుగురూ గబగబా లేచి కుర్చీలు ఈడ్చుకుంటూ వచ్చారు. "మీరు పైన ఉండండి." "అయ్యో, మీ ముందా! మీరే ఉండండి." ఒకరికంటే ఒకరు కిందకి జరిగి జరిగి, అందరిలోకీ చిన్నవాడు కుర్చీతో సహా వసారాలో తేలాడు. అటు హీటర్ ఖాళీబల్లకి కాపడం పెడుతోంది.

మూడు నిమిషాలయ్యేసరికి పెద్దాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు. అయిదో నిమిషానికి నడుం తడుముకున్నాడు.

"ఇంత చలేమిటమ్మా ఇక్కడ?"

"నవంబరు నుంచీ ఇంతే దొమ్లా" అంది ముఖర్రం.

"మరి చెప్పలేదేం?"

"మీరు టీ అడిగారు. చలి సంగతి అడగలేదు."

పెద్దాయన తల తిప్పి పటంకేసి చూశాడు. గొట్టంకేసి చాలాసేపు చూశాడు.

అప్పుడు మా ఆకా కోటు జేబులోంచి ఒక థర్మామీటరూ, సున్నం మరకల నోటుబుక్కూ తీసి ఆయన చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళలో భోంచేసిన నూట నలభై ఇళ్ళు అందులో ఉన్నాయి. దొమ్లా పైకి చదివాడు.

"రొట్టెల వీధి, నాలుగో ఇల్లు. చిన్నకోడలు. తోర్ కంటే ఆరు డిగ్రీలు తక్కువ. దగ్గు. నేను ఆమె చోటులో కూర్చుంటే రెండు చోట్లు పైకి జరిగింది, దగ్గు తగ్గింది... చర్మకారుల వీధి, తొమ్మిది. మూడో కోడలు, నిండు నెలలు. పైకి జరగనన్నారు, నేనే గాలికి అడ్డం కూర్చున్నాను..."

ఆయన పక్కన కూర్చుని ఎన్ని ఇళ్ళలో తిన్నానో! ఆయన్ని చూసి నవ్వడమే తప్ప, ఆయన లేపిన చోటులో ఎవరున్నారో ఒక్కనాడూ చూడలేదు. దొమ్లా పేజీ తిప్పాడు.

"ఎల్మురాద్ ఇల్లు. తల్లి. ఒక్క భోజనంలో ముప్ఫై ఒక్కసార్లు లేచింది. ఎల్మురాద్ లేవలేదు." కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఎవరీ ఎల్మురాద్?"

"మా వ్యాన్ డ్రైవరు దొమ్లా" అన్నాడు మా ఆకా, మర్యాదగా నావైపు చూడకుండా.

అయిదుకి నాలుగు మార్కులు వేశారు. "అయిదు వేసేవాణ్ణి. కానీ నీవల్ల నా నడుం పట్టేసింది" అన్నాడు పెద్దాయన. హీటర్ మాత్రం తనే ఈడ్చుకొచ్చి ముఖర్రం బల్ల కింద పెట్టి వెళ్ళాడు.

తిరిగి వస్తుంటే మా ఇల్లే ముందు తగిలింది. టీ తాగి వెళ్దురుగాని రమ్మన్నాను. ఇంకా కోడలు రాని ఇల్లు కదా, లోపల అమ్మే ఎప్పట్లాగే గుమ్మం దగ్గర టీకూజాతో ఉంది.

"అమ్మా, లే. పైకెళ్ళి కూర్చో."

అమ్మ నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం లేదే!" అంది. అయినా భుజాలు పట్టి నడిపించుకెళ్ళి తోర్‌లో దిండు మీద కూర్చోబెట్టాను. పరుగున వచ్చి గుమ్మం దగ్గర నేను కూర్చున్నాను. చెప్పులు విప్పుకుని అలవాటుగా కిందకి వాలబోయిన మా ఆకా నా ఒళ్ళో కూర్చున్నంత పని చేశాడు.

"లేవరా. అది నా చోటు."

"లేవను."

"లేవరా అంటుంటే!"

"డిప్లొమా ఉన్నవాళ్ళు ఇక్కడ కూర్చోకూడదు."

ఆర్కిటెక్ట్‌గారు గది మధ్యలో నిలబడిపోయారు. ఇల్లంతా గీయగలడు గాని, ఆ చోటు పోతే ఎక్కడ కూర్చోవాలో ఆయనకి తెలీదు పాపం. చివరికి అమ్మే పక్కన ఇంకో దిండు వేసి, "రావయ్యా, నాకూ ఇక్కడ కొత్తగానే ఉంది" అని పిలిచింది. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా అంచు మీద ఆనీ ఆననట్టు కూర్చున్నాడు.

నేను టీ పోశాను. అందరికంటే ముందు అమ్మకి, గౌరవంగా, గిన్నె అంచుదాకా నింపి రెండుచేతులా అందించాను. అమ్మ గిన్నెలోకి చూసింది, నావైపు చూసింది.

"లేచి వెళ్ళవయ్యా అని చుట్టానికి పోసినట్టు నిండా పోశావేంరా? ఇప్పుడేగా వచ్చి కూర్చున్నాను!"