చేత్తో వాసన చూసే పిల్ల

గుంటూరులో మా మేడమీద గదిలో డిగ్రీ చదివే పిల్ల ఒకతి అద్దెకుండేది. వాళ్లది పిడుగురాళ్ల. ఏ గిన్నె మూత తీసినా దాని మీదకి వంగేది కాదు. అరచేత్తో ఆవిరిని ముక్కువైపు విసురుకునేది.

"ఏంటే, నా పులుసుకి దిష్టి తీస్తున్నావా?" అన్నానొకసారి.

"ల్యాబులో ఇలాగే చూడాలి అమ్మమ్మా. పేరు చెప్పకుండా ఏదో మందు ఇస్తారు, అదేంటో మనం కనిపెట్టాలి. వాసన పట్టానంటే సగం పనైపోయినట్టే."

ఆ ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. సరిగ్గా పరీక్ష ముందురోజే మా ఇంట్లో ఏడాది కారం కొట్టడానికి మనుషులొచ్చారు. సాయంత్రానికి పిల్ల ముక్కు ఎర్రగా వాచి, దిబ్బడేసింది.

"ఏ వాసనా తెలియట్లేదు. నా పని అయిపోయింది" అని ఏడ్చింది.

"ముక్కు పోతే చేతులున్నాయిగా! వాసన కాక ఇంకేం పరీక్షలున్నాయో అవి చెప్పు" అని పుస్తకం లాక్కున్నాను. నేను అక్షరాలు నేర్చింది అరవై దాటాక. ఒక్కో మందు పేరు కూడబలుక్కుని చదివాను. దాన్ని ఎలా గుర్తుపట్టాలో పిల్ల చెబుతుంటే, పుస్తకంలో వేలు పెట్టి సరిచూశాను.

మర్నాడు గుమ్మంలోంచే అరిచింది.

"నాకిచ్చిన మందు ఆల్డిహైడ్ అమ్మమ్మా, కనిపెట్టేశాను! వెండి ద్రావణం పోసి వేడిచేస్తే గాజుగొట్టం లోపల అద్దంలా పూత పట్టింది. అందులో నా ముక్కు కనబడింది, పండుమిరపకాయలాగా!"

ఆ ముక్కు ఇంకా దిబ్బడగానే ఉంది. అయినా పొయ్యిమీద గిన్నె మూత తీసి, చెయ్యి విసురుకుంది.