మస్తాన్ మాస్టారు దిద్దిన కాగితాలు

పక్కగదిలో మా మనవరాలు ఏదో ఇంగ్లీషు పరీక్షకు తయారవుతోంది. చెవులకు తగిలించుకునేవి పాడైపోయాయట, అందుకని కంప్యూటరు గొంతు ఇల్లంతా వినబడుతోంది. ఎవరో ఆడమనిషి ఒక రైలు ప్రయాణం గురించి నింపాదిగా చదువుతోంది. చదవడం ఆగగానే ప్రశ్నలు. అసలు పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారట. అర్థం కాకపోతే ఎట్లా అని అడిగాను. "అర్థం కాకపోతే అంతే నానమ్మా, ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోవడమే" అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, అలా నొక్కేసి పొమ్మని నేర్పినవాళ్ళ మీద. ఈ కోపం వయసు అరవై ఏళ్ళు దాటింది. దీన్ని నాకు నేర్పిన మనిషి మస్తాన్ మాస్టారు. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు, అందుకే ఇది రాస్తున్నాను.

యాభైల చివరి మాట. మాది పెదకాకాని దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. మిరప, పత్తి తప్ప మరో ధ్యాస లేని ఊరు. హైస్కూలు మూడు మైళ్ళ అవతల పెద్ద ఊళ్ళో ఉండేది. ఆరో ఫారం, అంటే ఎస్సెల్సీ క్లాసులో నలభై మందిమి ఉంటే అందులో ఆడపిల్లలం ముగ్గురం. ముందు బల్లలు పెద్ద ఊరి పిల్లలవి, వెనక బల్లలు మా బోటి మిరపకాయల ఊళ్ళవాళ్ళవి. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే వెళ్ళి వెనక కూర్చునేవాళ్ళం.

మస్తాన్ మాస్టారు మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాతో ఉండేవారు. దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది మా ఇంట్లో మాట్లాడే తెలుగే. చిన్నప్పుడు తండ్రితో కలిసి గుంటూరులో దొరల బంగళాలకు పరుపులు కుట్టడానికి వెళ్ళేవారట. వరండాలో తండ్రి దూది ఏకుతుంటే ఆ విల్లు చప్పుడుకు ఏమీ వినబడేది కాదు. తండ్రి అలుపు తీర్చుకోవడానికి ఆగినప్పుడల్లా లోపలి మాటలు వినబడేవి. ఆ సందుల్లో విన్న ముక్కలనే ఇంటికి పోతూ దారంతా కూడబలుక్కునేవారట. తనకు ఇంగ్లీషు ముందు చెవిలో పడి తర్వాత కంటికి వచ్చిందని ఆయనే చెప్పేవారు.

నాకు మాత్రం నోటికి వచ్చింది, అక్కడే ఆగిపోయింది. మా అన్న ఎస్సెల్సీ రెండుసార్లు తప్పిన ఘనుడు. మిరప చేలో కాయలు కోస్తూ పాఠాలు గట్టిగా వల్లెవేసేవాడు. పక్క సాలులో కాయలు కోస్తూ అవన్నీ నేను పట్టేశాను. వాడి పుస్తకమే నాకు వచ్చింది. ఒకరోజు మాస్టారు నన్ను లేచి పాఠం చదవమన్నారు. పుస్తకం పట్టుకుని ఎక్కడా తడబడకుండా చదివాను, సరైన చోట పేజీలు కూడా తిప్పాను. క్లాసంతా నోళ్ళు తెరుచుకుని చూసింది. మాస్టారు నా పుస్తకం తీసుకుని తిరగేశారు. మధ్యలో రెండు ఆకులు లేవు. మా తాత ఎప్పుడో పొగాకు పొట్లానికి చింపుకున్నాడు. నేను ఆ లేని నాలుగు పేజీలూ కూడా గడగడా చదివేశాను.

ముందు బల్లలవాళ్ళు బల్లలు చరిచి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "లేని పేజీ బాగా చదివావమ్మా. ఇప్పుడు ఉన్న పేజీ చదువు" అని జేబులోంచి ఒక పాత ఇంగ్లీషు పేపరు ముక్క తీసి ఇచ్చారు. మొదటి లైనులోనే చతికిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. క్లాసయ్యాక పిలిచి, నాలుగు పేజీలు విని పట్టుకున్నదానికి చదవడం ఒక లెక్కా అన్నారు. చెవి ఉంది, ఇక కన్ను దాని వెంట నడవాలి, అంతే అన్నారు. నా తప్పులో నుంచి నాకు పనికొచ్చేది ఏరి చేతిలో పెట్టిన మొదటి మనిషి ఆయన.

ఆయన పరీక్షలు వేరుగా ఉండేవి. శుక్రవారం ఆఖరి పీరియడులో పుస్తకాలు, కలాలు సంచుల్లో పెట్టించేవారు. తను మా వెనక గోడ దగ్గర నిలబడి, ఎవరికీ మొహం కనబడకుండా, మేమెప్పుడూ విననిదేదో చదివేవారు. విన్నదాన్ని తెలుగులో చెప్పమనేవారు. తెలుగులో చెప్పలేనిది మీకు అర్థం కానట్టే అనేవారు. ఇంకోరోజు చీటీలు పంచేవారు. ఒకడికి వచ్చిన చీటీలో "రెండో కిటికీ మూసి, నా దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా నిలబడు" అని ఇంగ్లీషులో ఉంది. వాడు లేచి, చేతులు కట్టుకుని, చీటీ మొత్తం రాగం తీస్తూ పైకి చదివి కూర్చున్నాడు. కిటికీ తెరిచే ఉంది. ఆ రోజు మాస్టారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. హెడ్మాస్టరు గారికి మాత్రం ఇవన్నీ కోతిచేష్టలు. ఇంగ్లీషు పీరియడులో తెలుగు వినబడుతోందని రెండుసార్లు మెమో ఇచ్చారు. మాస్టారు వాటిని మడిచి హాజరుపట్టీలో పెట్టుకుని, మూడో శుక్రవారం కూడా మా వెనకే నిలబడ్డారు.

మిరప మొదటి కోత రాగానే నాన్న నన్ను బడి మానిపించి కల్లంలో కూర్చోబెట్టాడు. ఎండిన కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరడం నా పని. నాలుగో రోజున మాస్టారు సైకిలు మీద వచ్చారు. మిరపకాయల కోరు ముక్కుకెక్కి ఆరు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాత నాన్నతో మాట్లాడారు.

"దానికి ఇంగ్లీషెందుకు మేష్టారూ, ఈ కాయలు ఏరడానికా?" అన్నాడు నాన్న.

"ఏరడానికేనండి వెంకయ్య గారూ. ఎవరైనా వచ్చి మాటల్లో తాలు కలిపి అమ్మితే కనిపెట్టాలిగా" అన్నారు మాస్టారు.

నాన్న పెద్దగా నవ్వాడు కానీ మెత్తబడలేదు. చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నాడు. సెలక్షన్ పరీక్ష దాకా పంపుతాడు. అందులో పేరు ఆగిందా, ఇక బడి లేదు, కల్లమే. ఆ రోజుల్లో పబ్లిక్ పరీక్షకు ఎవరిని పంపాలో బడే సెలక్షన్ పెట్టి తేల్చేది. తప్పేవాళ్ళను ముందే ఆపేస్తే బడికి మంచి పేరు. ఏటా ఆగేది వెనక బల్లలే. 

ఆ ఏడు ఇంగ్లీషు సెలక్షన్‌కు ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి కూర్చుంటారని కబురు వచ్చింది. ఒక భాగం చదివి వినిపిస్తారు, విన్నదాన్ని పది వాక్యాల్లో సొంత మాటల్లో రాయాలి. రెండు రోజుల ముందు హెడ్మాస్టరు గారు ముందు బల్లల్లో తొమ్మిదిమందిని తన గదికి పిలిచి, పరీక్షలో చదవమని ఇన్‌స్పెక్టరు గారికి తను ఇవ్వబోయే తుఫానులో చిక్కిన ఓడ కథను, దానికి పది వాక్యాల జవాబుతో సహా రాయించి పంపారు. వాళ్ళలో ఒకడు గొప్పగా చెప్పుకుంటుంటే అది నాకు తెలిసిపోయింది. నేను మాస్టారి ఇంటికి పరుగెత్తాను. ఆ కాగితం నాకూ కావాలని అడిగాను. లేకపోతే నా చదువు అయిపోయినట్టేనని ఏడ్చాను. దిద్దేది ఆయనే కనుక ఆ కాగితం ఆయనకూ ఒకటి వచ్చింది, బల్ల మీదే ఉంది.

"ఇవ్వను" అన్నారు. "ఇది ఇస్తే నిన్ను నేనే ముంచినట్టు. వినబడితే రాయి. అర్థం కాకపోతే లేచి అర్థం కాలేదని చెప్పు. చదివేవాడు కలెక్టరైనా సరే."

ఆయన్ను మనసులో తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. జీతం వచ్చే మనిషికి కల్లం సంగతి ఏం తెలుసు అనుకున్నాను. ఈ మాట దాచుకోవడం ఇష్టం లేదు నాకు. రెండు రోజులు ఆయన మీద నిజంగానే పగపట్టాను.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చుని ఓడ కథ చదివారు. రైలు తప్పిపోతుందేమో అన్నట్టు చదివారు. ముందు బల్లలవాళ్ళు ఆయన రెండో వాక్యంలో ఉండగానే తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. వెనక బల్లల్లో మేమందరం అర్థమైనట్టు తలలు ఊపుతున్నాం. నేనూ ఊపాను. ఊపుతూ ఉండగానే నామీద నాకే అసహ్యం పుట్టింది. లేచి నిలబడ్డాను. నాకు అర్థం కాలేదని, దయచేసి మళ్ళీ చదవమని ఇంగ్లీషులో అడిగాను. 

హెడ్మాస్టరు గారు కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఆయన గొంతు పెంచి మళ్ళీ అన్నారు.

"అర్థం కాలేదండి. అర్థం కాకుండా కూర్చోను" అన్నాను ఈసారి తెలుగులో.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశారు. చెడ్డవాడు కాదేమో, విసుగెత్తిన మనిషి అంతే. సరే, ఇంకాస్త తేలికైనది చదువుతాను, అందరూ దీన్నే రాయండి అని తన సంచీలోంచి వేరే కాగితం తీశారు. ఈసారి నెమ్మదిగా, రెండుసార్లు చదివారు. వాగు పొంగి వంతెన కొట్టుకుపోతే ఊరివాళ్ళు తాళ్ళు కట్టి బస్తాలు దాటించిన కథ. నాకు వంతెన వినబడింది, తాళ్ళు వినబడ్డాయి, జనం కేకలు కూడా వినబడ్డట్టే ఉంది. బస్తాల్లో ఏముందో మాత్రం తెలియలేదు. బస్తాల్లో ఏముందో నాకు తెలియలేదు అనే రాశాను.

ముందు బల్లలవాళ్ళు తలలెత్తలేదు. ఎప్పుడో నోటికి వచ్చేసినదాన్ని వదిలి, అప్పుడే చెవినపడ్డది రాయడం వాళ్ళకు అలవాటు లేదు. తొమ్మిదిమందీ ఓడనే రాశారు. ఒకడికి మాత్రం చివర్లో వంతెన అన్న మాట వినబడిందట. వాడు ఆ ఓడను తీసుకొచ్చి వంతెన కింద నిలబెట్టాడు.

ఇన్‌స్పెక్టరు గారు భోజనం చేసి వెళ్ళిపోయారు. కాగితాలు దిద్దే పని ఎప్పటిలాగే మస్తాన్ మాస్టారిదే. మర్నాడు, కూర్చోమన్నా కూర్చోనందుకు శిక్షగా నన్ను హెడ్మాస్టరు గారి గది బయట నిలబెట్టారు. సగం తలుపే ఉండేది ఆ గదికి. అందువల్ల ప్రతి మాటా విన్నాను. ఓడ రాసిన తొమ్మిదిమందికీ సున్నాలు పడ్డాయి, నాకు ఇరవైకి పదకొండు. ఆ తొమ్మిదిమందిలో పంచాయతీ ప్రెసిడెంటు గారి అబ్బాయి ఉన్నాడని హెడ్మాస్టరు గారు గుర్తుచేశారు.

"ఉన్నాడండి. ఓడ గురించి చక్కగా రాశాడు. చదివింది వంతెన గురించండి" అన్నారు మాస్టారు.

మళ్ళీ దిద్దమన్నారు హెడ్మాస్టరు గారు. దిద్దిన కాగితం ఇంకోసారి దిద్దనన్నారు మాస్టారు. అయితే ఆ అమ్మాయి పేరు అవిధేయత కింద ఆపేస్తానని హెడ్మాస్టరు గారు కేకలేశారు.  

"అలాగే ఆపండి. నలభై కాగితాలూ కట్టగట్టి ఇన్‌స్పెక్టరు గారికి పంపుతాను. ఎవరు విన్నారో ఎవరు వినలేదో ఆయనే చూసుకుంటారు. కింద నా సంతకం ఉంటుంది, మీ సంతకం కూడా అడుగుతారు" అన్నారు మాస్టారు. గొంతు పెంచనే లేదు ఆయన.

ఆ సాయంత్రం బోర్డు మీద జాబితా అంటించారు. నలభై పేర్లూ ఉన్నాయి. సున్నాలు వచ్చిన తొమ్మిదిమందినీ పంపాలంటే ఇంకెవరినీ ఆపే వీల్లేకపోయింది హెడ్మాస్టరు గారికి. ఆ బడి పుట్టిన తర్వాత వెనక బల్లలన్నీ పబ్లిక్ పరీక్షకు వెళ్ళడం అదే మొదటిసారి అని చెప్పుకున్నారు. రెండు వారాలు తిరక్కుండా మాస్టారికి బదిలీ కాగితం వచ్చింది. ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున కొత్తపట్నం. పరీక్షలకు నెలరోజులు కూడా లేని సమయంలో టీచర్ని ఎవరూ మార్చరు. ఎందుకు మార్చారో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

బస్సు దగ్గరికి నాన్నా నేనూ వెళ్ళాం. నాన్న నోరు పెద్దది కానీ అలాంటి చోట మాటలు రావు. మా అమ్మాయి మూలంగా మీకు ఇంత దూరం పడిందని మాత్రం ఎలాగో అనగలిగాడు. నేను ఏడుస్తున్నాను.

"మీ అమ్మాయి మూలంగా కాదండి. సున్నా పెట్టవలసిన చోట సున్నా పెట్టాను. దానికి వాళ్ళు కొత్తపట్నం ఇచ్చారు. నాకేం ఫరవాలేదు" అన్నారు మాస్టారు. తర్వాత నా వైపు తిరిగి, ఏడుపు ఆపి పుస్తకం తియ్యమన్నారు. బస్సు కదిలేదాకా నాతో చదివించారు. తప్పు చదివినచోట ఊరుకోలేదు, బస్సెక్కి కిటికీలోంచి కూడా సరిచేశారు.

నేను గట్టెక్కాను. ఇంగ్లీషులో గొప్ప మార్కులేం రాలేదు, కానీ వచ్చినవన్నీ నావే. ట్రైనింగయ్యి టీచర్నయ్యాను. మాస్టారు ఒక్క కార్డు రాశారు, ఇంగ్లీషులో. అక్కడ సముద్రం హోరు ఎక్కువని, అందుకే కాస్త గట్టిగా చదువుతున్నానని, పిల్లలు బాగానే వింటున్నారని ఉంది అందులో. ఆ కార్డు ఎవరి సాయమూ లేకుండా చదువుకున్నాను. తర్వాత ఆయన్ను వెళ్ళి చూడలేదు నేను. అది నా జీవితంలో నేను దిద్దుకోలేని తప్పు.

ముప్పైమూడేళ్ళు పాఠం చెప్పాను. పిల్లల వెనక గోడ దగ్గరే నిలబడి చదివాను. మళ్ళీ చదవమని ఎవరు లేచి అడిగినా మళ్ళీ చదివాను, కూర్చోమని ఎవరినీ అనలేదు. ఆ ముప్పైమూడేళ్ళలో నన్ను మూడుసార్లు బదిలీ చేశారు. మూడుసార్లూ ఎవరో ఒకరి అబ్బాయికి మార్కులు మార్చమంటే మార్చనన్నందుకే. మూడుసార్లూ పెట్టే బేడా సర్దుకుని నా పిల్లలతో సహా ఊరు మారాను. మార్కులు మాత్రం మార్చలేదు.