యాకూబ్ సార్ ఇచ్చిన పుస్తకం

కలరా ఉండల వాసన తగిలితే చాలు, కాజీపేటలో మా వాడ గ్రంథాలయం గుర్తొస్తుంది. అక్కడి లైబ్రేరియన్ యాకూబ్ సార్‌కు పొగరుండేదని, పుస్తకం అడిగితే తలెత్తేవాడు కాదని మావాళ్లు ఇప్పటికీ అంటారు. ఆయన అట్లా మారింది నావల్ల.

చిన్నప్పుడు ఒకరోజు, "సార్, నాకేది మంచిగుంటదో మీరే ఇయ్యుండ్రి" అని అడిగాను.

"ఇంట్ల అందరు మంచిగున్నరా బేటా?" అన్నారు. నేను నేల చూశాను. ఆయన వెతికి ఒక పుస్తకం తీసిచ్చారు.

మొదటి పేజీలోనే ఒక తండ్రి తాగి వాకిట్లో పడి ఉన్నాడు. మా బాపు సంగతి తెలిసి సార్ ఎక్కిరిస్తున్నారనుకున్నాను. ఉక్రోషంతో ఇంటికెళ్లి, "సార్ నిన్ను తాగుబోతన్నడు" అని బాపుకు చెప్పాను.

బాపు తాగే, నన్ను వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాడు. అందరి ముందూ సార్ కాలర్ పట్టుకుని, "నా కొడుకుతోని నన్ను తాగుబోతంటవా?" అన్నాడు. సార్ నావైపు చూశారు. నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఏ పిల్లలు అడిగినా ఆయనది ఒకటే మాట: "రాకుల్ల ఉన్నయి, మీరే చూస్కోండ్రి."

సార్ పోయాక ఆ పుస్తకం దొరికితే పూర్తిగా చదివాను. అందులోని పిల్లవాడికి, ఇంటి బాధ చెప్పుకోవడానికి ఒక పెద్దమనిషి దొరుకుతాడు. నాకూ దొరికాడు. నేను మొదటి పేజీలోనే ఆగిపోయాను.