ఎస్తేరమ్మ బండి, ఐదో ప్రశ్న

ఆ శనివారం ఎస్తేరమ్మ బండి తనంత తానుగా దొర్లి పడలేదు. దాని మీద నేనున్నాను. నా తల మీద హెల్మెట్ లేదు. ఈ సంగతులేవీ నేను రాసిన నివేదికలో లేవు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీకి పద్నాలుగేళ్లు భద్రతాధికారిగా పనిచేసి, పోయిన ఏడాది ముందస్తు విరమణ తీసుకున్నాను. ఈ సంగతి జరిగింది అంతకు రెండేళ్ల ముందు, వానలు మొదలైన నెలలో. మా కార్మికుల్లో ఎక్కువమంది ఇస్నాపూర్, లక్డారం నుంచి మోటారు సైకిళ్ల మీద వస్తారు. హైవే దాటే చోట తరచూ ఎవరో ఒకరు పడుతున్నారని యాజమాన్యం ఆ ఏడాది గేటు తనిఖీ మొదలుపెట్టి నాకు అప్పగించింది. నెలకోసారి ప్రతి బండికీ టైర్లు, గాలి, బ్రేకులు, లైట్లు, చైను చూడాలి. చైనును మధ్యలో పైకి నొక్కితే దాదాపు రెండు వేళ్ల మందం ఆడాలి. మరీ బిగిస్తే త్వరగా అరిగిపోతుంది, మరీ వదిలేస్తే పళ్లచక్రం మీంచి జారుతుంది. అన్నీ బాగుంటే పచ్చ చీటీ, లేకుంటే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పడితే ఆరు నెలలు బండి గేటు బయటే ఉండాలి, ఆ సంగతి మనిషి రికార్డులోకి ఎక్కుతుంది.

ఇదంతా నేను పుస్తకాలు చూసి నేర్చుకుని, తరగతులు పెట్టి మరీ బోధించాను. నాకు మాత్రం బండి నడపడం రాదు. సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాణ్ని.

రెండో నెల తనిఖీలో ఫిట్టర్ యాదగిరి అడిగాడు: "సార్, మీ బండి ఎన్నడు కనవడది, యాడ పెడ్తరు?" సర్వీసింగుకు ఇచ్చానన్నాను. మూడో నెల అడిగితే ఇంకా రాలేదన్నాను. ఐదో నెలలో మహా మర్యాదగా, "సర్వీసింగా సార్, బాలింతతనమా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు.

నవ్వనిది ఎస్తేరమ్మ ఒక్కతే. ప్యాకింగు విభాగంలో ఆపరేటరు, లక్డారం మనిషి. మేనమామ దగ్గర కొన్న పాత వంద సీసీ బండి మీద వచ్చేది. ఆ బండిలో నేను ఎన్నడూ తప్పు పట్టలేకపోయాను. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, "మీకు నడపరాదు గద సార్?" అంది. ఎట్లా తెలిసిందన్నాను. "నడిపేటోళ్లు ముందుగాల బండి మీద చెయ్యేస్తరు. మీరు చేతులు ఎన్కకు కట్టుకుంటరు," అంది.

లెర్నర్ లైసెన్సు తీసుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె లక్డారం బయట, హద్దురాళ్లు తప్ప ఇళ్లు లేని లేఅవుట్‌లోకి బండి తెచ్చేది. మొదటి వారం ఇంజను ఆగడమే తప్ప బండి కదలలేదు. "క్లచ్ జెర జెర ఇడువుండ్రి సార్, పసిపిల్లను పండవెట్టి చెయ్యి తీసినట్టు," అనేది. రెండో వారం చెయ్యి అట్లాగే తీశాను. బండి కదిలింది. రెండో గేరు పడింది. నలభై తొమ్మిదేళ్లవాణ్ని, బీపీ మాత్ర వేసుకునేవాణ్ని, ఆ ఖాళీ రోడ్ల మీద ఒక్కణ్నే బిగ్గరగా నవ్వుకుంటూ తిరిగాను. ప్రతి మూల దగ్గరా చెయ్యి చాచి సైగ చేశాను. వెనక ఒక బర్రె తప్ప ఎవరూ లేరు. ఎస్తేరమ్మ హద్దురాయి మీద కూర్చుని పల్లీలు తింటూ, "బర్రెకు సమజైంది సార్, ఇగ తిరుగుండ్రి," అని కేకేసింది.

గుంత కనబడితే నేను సరిగ్గా దానిలోకే వెళ్లేవాణ్ని. దానికి ఆమె చెప్పిన మాట నా పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకలేదు. "యాడ సూస్తే గాడికే పోతది సార్ బండి. గుంతను సూడొద్దు, తొవ్వను సూడుండ్రి."

బండి కొనేటప్పుడూ ఆమెనే తోడు రమ్మన్నాను. పటాన్‌చెరు షోరూములో నా కన్ను ఒక ఎత్తైన బండి మీద పడింది. ట్యాంకు దున్నపోతు మెడలా ఉంది. ఎక్కి కూర్చుంటే నా మడమలు రెండూ గాలిలో ఉన్నాయి. ఎస్తేరమ్మ వంగి చూసింది. "సిగ్నల్ కాడ ఆగితే ఎట్ల సార్, ఎవలన్న వట్టుకోవాలెనా? కొత్తోళ్లకు కాళ్లు రెండూ నేలకు ఆనాలె. కింద పడితే మీరొక్కరే లేపేటంత బరువుండాలె. ఎక్కినంక అందం మీకు కనవడది." చివరికి ఆమెదానిలాంటి వంద సీసీ బండే తీసుకున్నాను. నాకు కావలసిన ఎరుపు రంగు రావడానికి పది రోజులు పడుతుందన్నారు.

ఆ పది రోజులు నేను ఓపిక పట్టలేకపోయాను. శనివారం మధ్యాహ్నం అందరూ క్యాంటీనులో ఉండగా ఎస్తేరమ్మను తాళంచెవి అడిగాను, షెడ్డు నుంచి గేటు దాకా ఒక్కసారి పోయొస్తానని. "లోపల వద్దు సార్, రేపు ఆయితారమే గద," అంది. ఏం కాదులే అన్నాను. అధికారి చెయ్యి చాస్తే ఆమె ఇవ్వక ఏం చేస్తుంది? ఇచ్చింది.

మా గేటు పక్కన 'ప్రమాదం లేని రోజులు' అని ఒక బోర్డు ఉండేది. కొక్కేలకు తగిలించిన రేకు అంకెలను రోజూ పొద్దున నా చేత్తోనే మార్చేవాణ్ని. ఆ రోజు బండి మీంచి చూస్తే ఆ సంఖ్య ఎన్నడూ లేనంత ముద్దుగా కనబడింది. అట్లాగే చూస్తూ ఉండిపోయాను. నేను ఎటు చూస్తే బండి అటే వెళ్లింది. భయంతో కుడి పిడికిలి బిగించాను. బ్రేకుతో పాటు యాక్సిలేటరూ తిరిగింది. బోర్డు కూలింది, అంకెలు చెల్లాచెదురయ్యాయి. తొమ్మిది తలకిందులై ఆరుగా పడింది.

మోకాలు గీరుకుపోయింది. లేచి నిలబడి, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను, కాగితాల పుస్తకం తీశాను. పరుగెత్తుకొచ్చిన వాళ్లకు కనబడింది, పడిన బండి పక్కన వివరాలు రాసుకుంటున్న భద్రతాధికారి. అందరికంటే ముందు చేరుకున్నారని ప్లాంటు మేనేజరు మెచ్చుకున్నారు. ఏం జరిగిందని అడిగారు. షెడ్డు దగ్గర నిలబెట్టింది వాలులో దొర్లి పడిందన్నాను. ఆ మూల గేటు కాపలా గదికి కనబడదు, దానికి కెమెరా లేదు. ఎక్కడెక్కడ కెమెరా లేదో తెలిసిన మనిషిని నేనే.

ఎస్తేరమ్మ వచ్చి బండి లేపింది, వంగిన అద్దం సరిచేసింది. నా వైపు చూసి మెల్లగా, "మీకు దెబ్బ తాకలే గద సార్?" అంది. లేదని తలూపాను.

ప్రమాద నివేదికలో 'ఐదు ఎందుకులు' అనే పద్ధతి ఉంటుంది. ఎందుకు జరిగిందని అడగాలి, వచ్చిన జవాబును మళ్లీ ఎందుకని అడగాలి. అట్లా ఐదుసార్లు అడిగితే అసలు కారణం తేలుతుంది. బోర్డు ఎందుకు పడింది? బండి తగిలింది. ఎందుకు తగిలింది? వాలు మీద దొర్లింది. ఎందుకు దొర్లింది? గేరు న్యూట్రల్‌లో ఉంది, సైడు స్టాండు సరిగా పడలేదు. ఎందుకు పడలేదు? యజమాని అజాగ్రత్త. ఐదో గడిలో గీత గీశాను.

ఎస్తేరమ్మకు ఎర్ర చీటీ పడింది. ఆ నెలలోనే ఆమె పేరు లైన్ లీడరు పదోన్నతి జాబితాలో ఉంది. దానికి రెండేళ్ల రికార్డు శుభ్రంగా ఉండాలి. పేరు కొట్టేశారు. ఆమె బండిని రోడ్డు పక్క చాయ్ కొట్టు దగ్గర పెట్టి, వానలో టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి వచ్చేది. ఒక్క మాట కూడా ఎవరితోనూ అనలేదు. నేను కుంటుతుంటే యాదగిరి, "మోకాలు గూడ సర్వీసింగుకు ఇచ్చిండ్రా సార్?" అన్నాడు. వాతం అన్నాను.

తర్వాతి వారం నా ఎర్ర బండి వచ్చింది. "మొత్తానికి ఈనింది," అని యాదగిరి చప్పట్లు కొట్టించాడు. నా బండికి నేనే పచ్చ చీటీ అతికించాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను, ఆ సంతోషం నిజమైనదే. ప్రతి ఆదివారం పొద్దున, ఇంజను ఆపి, కిరోసిన్ గుడ్డతో చైను తుడిచి నూనె వేసేవాణ్ని. టైరు వేడెక్కకముందే గాలి చూసుకునేవాణ్ని. ఒకనాడు వాన వెలిశాక గేటు దగ్గర ఎస్తేరమ్మ ఎదురై, "మీ చైను ఏడుస్తున్నది సార్. తడిసిన నాడే తుడువాలె, ఆయితారం దాక ఆగొద్దు," అని నడిచి వెళ్లిపోయింది. ఆమె బండి ఇంకా బయటే ఉంది.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ లైన్ లీడరు జాబితా వచ్చింది. భద్రతా విభాగం సంతకం కోసం ఫైలు నా బల్ల మీదికి చేరింది. ఎస్తేరమ్మ పేరు పక్కన నా నివేదిక, దానిలో ఐదో గడి, గీత. రెండేళ్లు నిండలేదు కాబట్టి ఆ కాగితం ఉన్నంతవరకు పేరు మళ్లీ పోతుంది. ఆ పూటే మేనేజరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నా విరమణ దరఖాస్తు కూడా ఆయన ముందే ఉంది, దానికి ఇది అడ్డు కావచ్చు, ఆలోచించుకుని చెబుతున్నారా అని అడిగారు. ఆలోచించుకోవడం వల్లే ఏడాదిన్నర పోయిందన్నాను. నాకు మెమో ఇచ్చారు. నా బండికి ఎర్ర చీటీ నేనే రాసుకున్నాను. విరమణ రోజు దాకా అది చాయ్ కొట్టు దగ్గరే ఉంది. జాబితా ఎస్తేరమ్మ పేరుతో వెళ్లింది.

మర్నాడు షిఫ్టు ముందు గేటు దగ్గర జరిగే పది నిమిషాల భద్రతా సమావేశంలో సరిచేసిన నివేదిక చదివాను. బోర్డు ఎందుకు పడింది? బండి తగిలింది. ఎందుకు తగిలింది? నడిపే మనిషి తొవ్వను కాక బోర్డును చూశాడు. ఎందుకు చూశాడు? కొత్తగా నేర్చుకుంటున్నాడు. నేర్చుకునేవాడు అక్కడ ఎందుకు నడిపాడు? ఉబలాటం ఆపుకోలేక. ఇది ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు? నివేదిక రాసింది అతనే కాబట్టి.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. తప్పు చేసిన మనిషి చేతికి విచారణ కాగితం ఇవ్వకూడదు. ఇస్తే, అతను తన దాకా రాకముందే ఆపేస్తాడు. విరమణకు ముందు ఆ నిబంధన కంపెనీలో రాయించి వచ్చాను.

ఆ పొద్దున నివేదిక చదవడం అయ్యాక కాగితం మడిచి, వరుసలో మూడో మనిషిగా నిలబడిన ఆమె దగ్గరికి వెళ్లాను. "ఎస్తేరమ్మా, నీ బండి నువ్వు సక్కగనే నిలవెట్టినవ్. పడగొట్టింది నేను, నీ మీద రాసింది నేను. దెబ్బ తాకిందా అని నువ్వడిగితే గది గూడ అబద్ధమే చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.