గోడ మింగిన సగం

ఆ హోటల్లో గిన్నెలు కడిగే గదికీ భోజనాల హాలుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆదివారం మధ్యాహ్నాలు హాల్లో ముగ్గురు పాత జాజ్ పాటలు వాయిస్తారు. ఒకాయన పియానో, ఒకాయన డ్రమ్ములు, ఒకావిడ తనకంటే పొడుగైన, లావు తీగల బేస్ వాద్యం. గిన్నెల చప్పుడు అతిథుల చెవిన పడకూడదని ఆ వేళకి మధ్య తలుపు బిగించేస్తారు. తలుపుకి ఇవతలివాళ్లకీ చెవులుంటాయని ఎవరికీ తట్టలేదు.

తట్టింది గట్టిపిండానికే. పట్టిన పట్టు విడవదని మరిది పెట్టిన పేరది. ఆమెకీ, తోడికోడలికీ ఆ గిన్నెల గదిలోనే పని.

గోడ పియానోనీ డ్రమ్ములనీ మింగేసి, బేస్ మోతని మాత్రం ఇవతలికి వదిలేది. ఆ దుం దుం శబ్దమే పాట అనుకుంది ఆమె, ఏళ్ల తరబడి. మూకుళ్లు తోముతూ దాన్నే కూనిరాగం తీసేది.

"అది పాటేంటక్కా? ఎవరో మెట్లు దిగుతున్నట్టుంటే!" అనేది తోడికోడలు.

"దిగనీ. ఎంత సోకుగా దిగుతోందో విను."

చివరికి ఒకరోజు మేనేజరు ముందు నిలబడింది. "సార్, ఆదివారాలు మా భోజనం వేళ పాటల వేళకి మార్చండి. హాల్లో కూర్చుని వింటాం."

"వినాలంటే రేడియో లేదా అమ్మా?"

"మీ అతిథుల ఇళ్లలో మాత్రం లేదా సార్?"

గదిలో వాళ్లంతా ఆమె వెనక ఒక్కమాట మీద నిలబడ్డాక గానీ ఆయన మెత్తబడలేదు. "సరే. ఈ ఆదివారం నువ్వొక్కదానివే, వెనక కుర్చీలో. ఏ గొడవైనా జరిగిందా, ఎవరికీ ఇక ఆ ఊసే లేదు."

అందరి వాటా మోస్తున్నట్టే వెళ్లి కూర్చుంది. పియానో మొదలైంది. ఓహో, పాటకి పక్కవాద్యాలు కూడా ఉన్నాయే అనుకుంది. పియానో తన వంతు అల్లుకుని ఆగింది, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత బేస్ వంతు. అంతే, హాలంతా కబుర్లకి నోళ్లు తెరిచింది. ఒకరికి అల్లుడి ప్రమోషన్ గుర్తొచ్చింది, ఇంకొకరికి మోకాళ్ల నొప్పి.

ఆమెకి ఒళ్లు మండింది. "ష్! అసలు పాట ఇప్పుడేగా మొదలైంది!"

తలలన్నీ తిరిగాయి. బేస్ వాయించే ఆవిడ ఫక్కున నవ్వింది, చెయ్యి మాత్రం ఆపలేదు. మేనేజరు వచ్చి వంగి గుసగుసగా అన్నాడు: "లే అమ్మా. పాటంటే పియానోది. ఇది ఊతం, అంతే."

ఈలోగా పియానో మళ్లీ అందుకుంది. ఆమె చెవి రిక్కించింది. నిజమే. పాట పైన నడుస్తోంది, తనకి తెలిసిన మోత దాని కాళ్ల కింద. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు.

"అంటే ఇన్నాళ్లూ మాకు వినిపించింది సగమేనన్నమాట. మిగతా సగం తలుపేసి మీరుంచుకున్నారు. పూర్తిగా విన్నాకే లేస్తా సార్."

అతిథుల ముందు లాగి లేపలేడు. ఆమె చివరి దెబ్బ దాకా విని, చప్పట్లు కొట్టి మరీ లేచింది.

"ఇక ఎవరూ హాల్లోకి రాకూడదు" అని సాయంత్రమే కబురొచ్చింది.

"నా నోటిదూల వల్లే పోయింది. నేనే తెస్తా. వచ్చే ఆదివారం అందరం వెళ్తున్నాం" అంది గట్టిపిండం.

"ఉద్యోగాలు పోతేనో అక్కా?"

"అందర్నీ ఒక్కసారే తీసేసి ఆ గిన్నెల గుట్ట ఆయన తోముతాడా? చేతులు తుడుచుకుని రా, చాలు."

ఆదివారం పాట మొదలవగానే ఆమె మధ్య తలుపు తోసింది. వెనక గది గదంతా వచ్చి గోడ వెంబడి నిలబడింది. మేనేజరు నోరు తెరిచాడు. సింకుల్లో పేరుకుపోతున్న గిన్నెలకేసి చూశాడు. మూసుకున్నాడు.

"నిలబడి వింటారేంటి? కుర్చీలు తెచ్చుకోండి" అన్నాడు, విసుగ్గానే.