విచారణలో ఉన్న నీళ్ల డ్రమ్ము

ఒక ప్లాస్టిక్ డ్రమ్మును పక్కనున్న చెట్టు నీడలోకి జరపడానికి మనిషికి ఎంత చదువు కావాలి? ఏమీ అక్కర్లేదు. జరపకుండా ఉండటానికి మాత్రం నా అంత చదువు కావాలి. ఆ చదువు పుణ్యాన నేను వడదెబ్బ తిని, పరువు పోగొట్టుకుని, అందరి ముందూ నేలమీద వెల్లకిలా పడిన వైనం ఇది. నా డైరీలో ఆ రోజు కింద "విచారణ సజావుగా మొదలైంది" అని మాత్రమే ఉంది. మిగతాది రాయడానికి అప్పట్లో చెయ్యి రాలేదు.

గుత్తి రోడ్డులో ఒక బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నేను సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసర్ని. నేను రాకముందు అక్కడ ఫిర్యాదుల పద్ధతి మహా అనాగరికంగా ఉండేది. ఓనరు కారు దిగుతుంటే గేటు దగ్గర ఎవరో ఒకరు కష్టం చెప్పుకునేవారు. ఆయన వక్క నములుతూ వినేవాడు. సాయంత్రానికి పని అయిపోయేది. ఎంత ఘోరమో చూడండి. దరఖాస్తు లేదు, విచారణ లేదు, కమిటీ లేదు. నేను బెంగళూరులో శిక్షణ పొంది వచ్చి ఈ దురాచారాన్ని రూపుమాపాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. రాసివ్వందే నేను నీళ్లయినా పెట్టను.

సరిగ్గా ఆ నీళ్ల దగ్గరే వచ్చింది తంటా. మే నెలలో, కుట్టు విభాగంలో పనిచేసే ఓబులమ్మ నా గుమ్మంలో నిలబడింది.

"సార్, తాగే నీళ్ల డ్రమ్ము ఎండలో ఉండాది. నీళ్లు కాగిపోతాండాయి. తాగల్యాక పొద్దున ఒగామె కండ్లు తిరిగి పడిపోయింది. పక్కన కానుగ చెట్టు కిందికి జరిపిస్తే సాలు."

"రాసివ్వమ్మా."

"జరిపేదానికి నలుగురం సాలు సార్. రాసేది ఎందుకు?"

ఆమె అజ్ఞానానికి జాలిపడి, నేనే రాసి సంతకం పెట్టించుకున్నాను. రసీదు ఇచ్చాను. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశాను. అధ్యక్షుణ్ణి ఎక్కడని వెతుకుతాం, నేనే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాణ్ణి తెలివితక్కువవాడంటారు. నేను అంత తొందరపాటు మనిషిని కాను. బావి తవ్వడం మీద అభ్యంతరాలుంటే వారంలోగా తెలపమనే రకం.

ఈలోగా వాచ్‌మన్ నాగప్ప ఎవరికీ చెప్పకుండా, రాత్రి ఖాళీ అయిన డ్రమ్మును చెట్టు కిందికి దొర్లించాడు. మరునాడు అది చూసి నాకు గుండె ఆగినంత పనైంది. కేసులో ఉన్న వస్తువు. కమిటీ వచ్చేసరికి ఎండలో డ్రమ్మే లేకపోతే మేం దేన్ని విచారించాలి? నాగప్పను పిలిచి కేకలేశాను.

"నీడకే కద సార్ జరిపింది. యాడికన్నా ఎత్తుకపోయినానా?"

"విచారణ పూర్తయ్యేదాకా ఎక్కడున్నది అక్కడే ఉండాలి. కదిలిస్తే శిక్ష."

దగ్గరుండి డ్రమ్మును మళ్లీ ఎండలో పెట్టించాను. అక్కడే నిలబడి చూస్తున్న కుట్టు విభాగం ఆడవాళ్లు పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చారు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

కమిటీ పరిశీలనను మిట్టమధ్యాహ్నానికి పెట్టాను; ఎండ సంగతి స్వయంగా తెలియాలి గదా. మిగతా ఇద్దరు సభ్యులూ చెట్టు కింద నిలబడి పరిశీలించారు. నేను పద్ధతి గల మనిషిని కాబట్టి డ్రమ్ము పక్కనే, నెత్తిన గుడ్డయినా లేకుండా నిలబడి, నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో సాక్షులుగా వచ్చిన ఓబులమ్మ వాళ్లని ఒక్కొక్కరినే అడుగుతూ రాసుకున్నాను. కాసేపటికి ఒక్క సాక్షి ఇద్దరుగా కనిపించింది. తర్వాత డ్రమ్ము పైకి లేచింది. నిజానికి నేనే కిందికి వెళ్లాను.

కల్లంలో ఎండేసిన శనక్కాయలా పడి ఉన్నాను. నాగప్ప పరుగెత్తుకొచ్చి నా చంకల్లో చేతులు వేశాడు.

"ఉండప్పా నాగప్పా." ఓబులమ్మ గొంతు నిదానంగా వినిపించింది. "యాడిది ఆడనే ఉండల్ల అనిండాడు సారు. కదిలిస్తే శిక్షంట. ఇంగా విచారణ కాల్యా."

నాగప్ప చేతులు తీసేశాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఓబులమ్మ నా మీదికి వంగింది.

"ఏం సార్, జరపమంటారా?"

"జరపండి," అన్నాను.

"దేన్ని సార్? డ్రమ్మునా, మిమ్మల్నా?"

"రెండింటినీ."

"ముందర ఏది సార్?"

ఆమె కళ్లు చూడగానే నాకు అర్థమైంది, ఈ ప్రశ్నకు ఒకటే జవాబు ఉందని.

"డ్రమ్మును," అన్నాను.

అధ్యక్షుడు వెల్లకిలా పడుకుని, నోటిమాటగా ఇచ్చిన ఆ తీర్పు తక్షణం అమలైంది. ముందు డ్రమ్ము నీడకు చేరింది. దాని వెనక నేను.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, ముందు లేచి ఒక చెయ్యి వేస్తాను, ఆ తర్వాతే కలం తీస్తాను. మే నెలలో అయితే కలం అసలు తీయనే తీయను.