వంశధార మొగలో పెట్రోలు డబ్బా

మాఘమాసం చివర మంచు పొద్దు బాగా ఎక్కేదాకా విడవలేదు. కళ్ళంలో మినుము మీద తడి అలాగే ఉంది, అందుకని ఆ రోజు నూర్పు మొదలుపెట్టలేదు. పీకిన మొక్కల్ని ఒకసారి తిరగేసి, గట్టు మీది జీడిచెట్ల కింద ఆకు ఊడ్చి కూర్చున్నాను. అప్పుడు బావ ఫోను చేశాడు.

బావ అంటే మా చెల్లి రవణమ్మ భర్త అప్పలనాయుడు. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె, వాళ్ళది కళింగపట్నం దగ్గర, వంశధార ఒడ్డు. ఉన్న మూడెకరాల్లో సగం భూమిలోకి రెండేళ్ళుగా పోటు నీళ్ళు ఎక్కి ఉప్పు తేలింది. అక్కడ వరి పండడం లేదు. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళని ఏటిలో తిప్పుదామని బావ ఒక పాత ఫైబరు పడవ కొని, దానికి తెరచాప కట్టించి, చిన్న పెట్రోలు మోటారు బిగించాడు. చేపల వేటలో పుట్టి పెరిగిన ఎర్రయ్య అతనికి తోడు. చెల్లికి ఇది ఇష్టం లేదు. చివరికి ఒక మాట మీదకి వచ్చింది. ఒక్కసారి సముద్రం మీద ఉత్తరాన ఉన్న భావనపాడు రేవుకి వెళ్ళి క్షేమంగా తిరిగొస్తే తను ఇంక అడ్డు చెప్పదు, లేకపోతే పడవ అమ్మెయ్యాలి.

“దక్షిణం గాలి తిరిగినాది బావా. ఎల్లుండి ఎల్తన్నాం. నువ్వూ రావాల,” అన్నాడు.

“నాకు ఈత అంతంత మాత్రం.”

“నీకెందుకు ఈత? పడవకి వొచ్చు కదేటి.”

ఈ బ్లాగు చదివి ఆ మార్గంలో వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. మర్నాడు మధ్యాహ్నం నెల్లిమర్లలో పాసింజరు ఎక్కాను. ఆమదాలవలసలో దిగడానికి గంటంబావు పట్టింది, టికెట్టు ఇరవై రూపాయల లోపే. స్టేషను బయట షేరు ఆటో ముప్ఫై తీసుకుని శ్రీకాకుళం బస్టాండులో దింపాడు. అక్కడినుంచి గార మీదుగా కళింగపట్నం బస్సులున్నాయి, గంట ప్రయాణం. త్వరగా బయల్దేరితే దారిలో శ్రీకూర్మం చూసుకోవచ్చు. నేను దిగలేదు. లైట్‌హౌసు దగ్గర బస్సు దిగేసరికి బావ మోటారుసైకిలు మీద సిద్ధంగా ఉన్నాడు. ముందు పెట్రోలు టాంకు మీద కాళ్ళ మధ్య తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఇరికించుకుని ఉన్నాడు. దాని మీద వంటనూనె బొమ్మ ఇంకా చెరగలేదు. మూత పోయినట్టుంది, మూతికి చీరపేలిక ఉండలా కూరి తాడు కట్టాడు.

“బంకులో ఈ డబ్బాలో పొయ్యనన్నాడు,” అన్నాడు బావ. “సీసాల్లో అమ్మే కొట్టుకాడ పోయించినాను. పెట్రోలు పెట్రోలే కదా.”

నిజానికి ఆ డబ్బా మాకెవరికీ వింతగా కనిపించలేదు. మా ఇళ్ళలో నీళ్ళ ఇంజనుకి డీజిలు తెచ్చేది అలాంటి డబ్బాల్లోనే. పేలిక కూరి, పశువుల శాలలో ఒక మూల పెడతాం. పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటాం. నలభై ఏళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు. ఎర్రయ్యకీ అంతే. అతను వేటకి వెళ్ళిన పడవలన్నీ డీజిలు ఇంజన్లవే. పెట్రోలు మోటారు అతని చేతికి రావడం ఇదే మొదలు.

సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళాం. ఇరవై అడుగులుంటుంది. వెనక మోటారు, దాని ముందు ఒక చెక్క బల్ల, మధ్యలో తెరచాప కొయ్య, ముక్కు దగ్గర మూత ఉన్న పెట్టె. డబ్బా మామూలుగా బల్ల కింద ఉంటుందట. ఆ బల్ల నాకు కేటాయించారు. కాళ్ళు చాపుకోవడానికి ఖాళీ కావాలని బావ డబ్బాని తీసుకెళ్ళి ముందు పెట్టెలో, పాత వలల మీద కూర్చోబెట్టాడు. మూత వేసి తాళం బిగించాడు.

“లోపల ఎందుకు?” అన్నాను.

“బయట వొదిల్తే తెల్లారేసరికి ఊళ్ళో మోటారుసైకిళ్ళలో ఉంటాది,” అన్నాడు ఎర్రయ్య. “మా ఓళ్ళు సేపని వొగ్గెత్తారు గానీ పెట్రోల్ని వొగ్గరు.”

రాత్రి భోజనంలో చెల్లి చింతచిగురు వేసిన ఎండు రొయ్యల కూర పెట్టింది. బావ చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు నాతో అంది. “అన్నియ్యా, ఆయన గట్టు మీద రైతే. నీటి మీద సిన్నపిల్లోడే. నువ్వు కాస్త సూసుకో.” సరేనన్నాను.

పొద్దున్నే బయల్దేరలేదు. మంచు విడవాలి, పైగా తెల్లవారుజామున నేలమీది గాలి సముద్రం వైపు వీస్తుంది. అది ఆగి దక్షిణం లేచేదాకా ఆగాలన్నాడు ఎర్రయ్య. తొమ్మిదిన్నరకి బయల్దేరాం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఎక్కేటప్పుడు నాకు పెట్రోలు వాసన గట్టిగా వచ్చింది. అదే మాట చెప్పాను.

“పెట్రోల్లోంచి పెట్రోలు వాసన రాక పన్నీరు వాసన వస్తాదేటి,” అన్నాడు బావ. ఎర్రయ్య నవ్వాడు. నేనూ నవ్వాను.

మోటారులో కొంచెం పెట్రోలు ముందే పోసి ఉంది కాని దాన్ని ముట్టుకోలేదు. తెరచాప ఎత్తగానే పడవ ఒక పక్కకి ఒరిగి, శబ్దం లేకుండా కదిలింది. ఒకసారి ఎక్కి చూడాల్సిన ప్రయాణమే అది. ఏరు అక్కడ వెడల్పు. ఒడ్డున సరుగుడు తోటలు, వాటి వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. నీళ్ళు పడవ కిందనుంచి చిన్నగా గలగలమంటూ పోతున్నాయి. బావ కొయ్య పట్టుకుని నిలబడ్డాడు. పొలంలో అతన్ని అంత నిటారుగా నేనెప్పుడూ చూడలేదు. బేరం మాట్లాడుతున్నట్టు ఎర్రయ్యతో అంటున్నాడు, ఆదివారాలు రెండు తిప్పులు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఫొటోలవాళ్ళు, కార్తీకంలో దీపాలొదిలేవాళ్ళు.

“ముందు మొగ దాటించు నాయుడా. తరవాత కార్తీకం సూద్దాం,” అన్నాడు ఎర్రయ్య.

నది సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. ఇసుక మేట ఏటేటా చోటు మారుతుంది. ఏటి నీరు, అల ఎదురెదురుగా వచ్చే కొంత మేర దాటడమే కష్టం. అది దాటేముందు గంగమ్మకి కర్పూరం వెలిగించి కొబ్బరికాయ నీట్లో వెయ్యడం అందరూ చేసేదే. కొత్త ట్రాక్టరుకైనా, పాత ఇంజనుకైనా మా రైతుల ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. హారతి ఎప్పుడూ బండి ముక్కుకే ఇస్తాం. బావ కూడా ముక్కు దగ్గరికే వెళ్ళాడు. కొబ్బరిచిప్పలో కర్పూరం పెట్టి, పెట్టె మూత మీద ఉంచి పుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ ఆరింది.

“గాలికి అడ్డం పెట్టు,” అని ఎర్రయ్య వెనకనుంచి అరిచాడు. అతని చూపు అలల మీద ఉంది.

బావ తాళం తీసి, పెట్టె మూత ఎత్తి నిలబెట్టాడు. గాలికి అది అచ్చం గోడలా అడ్డం నిలిచింది. దాని చాటున, పెట్టె అంచు మీద చిప్ప పెట్టి, వంగి మూడో పుల్ల గీశాడు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. గోనెసంచి ఒక్కసారి విదిలించినట్టు వినిపించింది. నీలంగా, తర్వాత పసుపుగా ఒక మంట పెట్టెలోంచి లేచి బావ మెడ దాకా వచ్చి, వెంటనే పోయింది. మూత విరిగి నీళ్ళలో పడింది. బావ వెనక్కి కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ళు విడదీసి చూసుకుంటున్నాడు. కనుబొమ్మలు లేవు. కళ్ళ ముందు జరిగింది జరిగినట్టు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పెట్టెలో డబ్బా మూతికి కూరిన పేలిక ఒత్తిలా వెలుగుతోంది.

“సుక్కాని పట్టుకో,” అన్నాడు ఎర్రయ్య. నేను కదల్లేదు. అతను నా భుజం పట్టి లాగి చుక్కాని కర్ర చేతిలో పెట్టాడు. “ఒడ్డు కేసి. ఇటు తోసీ. ఇంకా తోసీ.”

కూర్చోవడానికి వేసిన గోనెపట్టాని అతను నీట్లో ముంచి, ముందుకి పరిగెత్తి డబ్బా మీద కప్పి రెండు చేతులతో అదిమి పట్టాడు. పొగ వచ్చింది, మంట ఆగింది. గోనెతో సహా డబ్బాని ఎత్తి పడవ బయటికి వదిలేశాడు. అది మునగలేదు. వంటనూనె బొమ్మ పైకి తేలి, ఏటి నీటితో సముద్రంలోకి పోయింది. ఈలోగా పడవ అలకి అడ్డం తిరిగింది. ఒక అల లోపలికి కొట్టింది. ఎర్రయ్య తెరచాప తాడు వదిలేశాడు, ఇద్దరం చుక్కాని తొయ్యగా పడవ అడుగు ఇసుక మేటని రాసుకుని ఆగింది. కళింగపట్నం వైపు ఒడ్డే అది.

బావని మోకాలిలోతు నీళ్ళలో కూర్చోబెట్టి చేతుల మీద నీళ్ళు పోస్తూ ఉన్నాం. ఒడ్డున ఉన్న ఒకామె పళ్ళపొడి ముద్ద తెచ్చి రాయమంది. ఎర్రయ్య వద్దన్నాడు. ఆసుపత్రిలో నర్సు కూడా తర్వాత అదే చెప్పింది, నీళ్ళు తప్ప ఏమీ పెట్టకపోవడం మంచిదైంది అని.

“టెంకాయ ఎయ్యలేదు బావా,” అన్నాడు బావ. “గంగమ్మకి టెంకాయ ఎయ్యలేదు.”

“వేద్దాంలే.”

“పడవ కాలిందేటి?”

“లేదు.”

“రవణమ్మకి పడవ కాలలేదని సెప్పు. ముందు ఆ మాట సెప్పు.”

ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టర్లు బావని చూశారు. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. ఎడం చెయ్యి మానుతుంది, కుడిచేతి వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. చెల్లి వచ్చింది. నేను పడవ కాలలేదని చెప్పాను. ఆమె నా మొహం చూసి, “నేను పడవనడిగినానా అన్నియ్యా,” అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు నేనూ ఎర్రయ్యా ఊళ్ళో మోటార్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళి జరిగింది చెప్పాం. కొట్టతను తల పట్టుకున్నాడు. నిరుడు వేసవిలో తన కొట్టు వెనక రేకుల షెడ్డూ ఇలాగే పోయిందట. “డీజిల్లో అగ్గిపుల్ల పడితే ఆరిపోద్ది. పెట్రోలు అలాక్కాదు బాబూ, అది పుల్ల కోసం ఎదురుసూత్తాది,” అన్నాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువట. మూసిన పెట్టెలో, పడవ అడుగున చేరి అక్కడే ఉంటుంది. పేలిక ఆవిరిని ఆపదు, ఎండకి ఇంకా ఎక్కువ పుడుతుంది. పడవ కోసమే చేసిన ఎర్ర ట్యాంకు చూపించాడు. మర బిగించే మూత, మూత మీద గాలి వదిలే చిన్న మర, మోటారుకి వెళ్ళే రబ్బరు గొట్టం. మోటారు నడిచేటప్పుడు గాలి మర తియ్యాలి, పక్కన పెట్టేటప్పుడు బిగించాలి. అంచుదాకా నింపకూడదు, ఎండకి ఉబ్బడానికి చోటు వదలాలి. పడవలో పెట్టి నింపకూడదు, ఇసుక మీద పెట్టి నింపి ఎక్కించాలి. పెట్టెలో కాదు, వెనక గాలి తగిలే చోట తాడుతో కట్టి, పైన తడిగోనె నీడగా వెయ్యాలి. రాత్రి దొంగల భయముంటే ఇంట్లోకి తేకుండా, ఇంటికి దూరంగా గాలాడే పందిట్లో పెట్టుకోవాలి. పన్నెండు లీటర్లది నాలుగు వేల చిల్లర. కొన్నాను.

ఈ బ్లాగులో ఇంతకుముందు కొండలెక్కిన సంగతులు, గుళ్ళు చూసిన సంగతులు రాశాను. అవి రాసేటప్పుడు చెయ్యి ఇంత బరువెక్కలేదు. ఆ వాసన మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం నవ్వాం. మాకు అలవాటైన నూనె ఒకటి, మా చేతిలో ఉన్నది వేరొకటి. భయపడవలసిన మొగని చూస్తూ కూర్చున్నాం, అది మమ్మల్ని ఏమీ చెయ్యలేదు. ఇప్పటికీ కళ్ళంలో ఎవరైనా గోనె విదిలిస్తే నేను చటుక్కున వెనక్కి అడుగేస్తాను.

ఉగాది వెళ్ళాక, మినుములు ఒక బస్తా తీసుకుని మళ్ళీ వెళ్ళాను. బావ కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడవడం లేదు. కొడవలి పట్టు రాలేదు. పడవ అమ్మకానికి పెట్టారనుకున్నాను. ఒడ్డున కొత్త మూత బిగించి, తెరచాప చుట్టి సిద్ధంగా ఉంది. చెల్లి ఇంకొక్కసారికి ఒప్పుకుందట, ఈసారి ఎర్రయ్య భావనపాడు వెళ్ళి క్షేమంగా తిరిగొస్తే పడవ ఉంటుంది. ఎర్ర ట్యాంకు ఇంకా ఎక్కించలేదు, దూరంగా సరుగుడు నీడలో ఉంది. పడవకి పది అడుగుల అవతల ఇసుకలో చెల్లి పసుపునీళ్ళు చల్లింది. బావ అగ్గిపెట్టె తీశాడు. పుల్ల వేళ్ళ మధ్య నిలవలేదు, రెండుసార్లు జారిపోయింది. చెల్లి అగ్గిపెట్టె అందుకుని తనే గీసింది. కర్పూరం పూర్తిగా ఆరి, చిప్ప చల్లబడేదాకా అందరూ నిలబడ్డారు. కొబ్బరికాయ బావే ఎడంచేత్తో నీట్లో వేశాడు. ఆ తర్వాత ట్యాంకు ఎక్కించారు.

“నువ్వెక్కవా?” అన్నాను బావతో.

“ముందు ఎర్రయ్యనీ ఆళ్ళ తమ్ముణ్ణీ ఎల్లి రానీ,” అంది చెల్లి, అతని బదులు.

పడవ ప్రయాణం తలపెట్టేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. హారతి ఒడ్డునే ఇవ్వండి, అది ఆరి చల్లారాకే ట్యాంకు ఎక్కించండి.

ఎర్రయ్య, అతని తమ్ముడు పదింటికి భావనపాడు బయల్దేరారు. బావ, చెల్లి పొలానికి వెళ్ళారు. నేను పన్నెండు గంటల బస్సుకి వచ్చేశాను.